మూడో శంఖం దాకా

మొదటి శంఖం ఊదారు. కంప్యూటరు తెర మీద అంకె ముప్ఫై ఒకటి శాతం దగ్గర ఉంది, అత్తయ్య చాప మీద నుంచి లేస్తోంది. ఈ మూడూ ఒకేసారి జరగకూడదని మధ్యాహ్నం నుంచి మొక్కుకుంటూనే ఉన్నాను గాని నా మొక్కు ఎవరూ విన్నట్టు లేదు. లేచిన అత్తయ్య ముందు రేడియో దగ్గరికి వెళుతుంది, తర్వాత ఫ్యాను, తర్వాత వంటింటి లైటు, ఆఖరుకి కిటికీ పక్కన గోడకున్న స్విచ్చు, అంటే నా కంప్యూటరు స్విచ్చు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఇదే వరస. కరెంటు రాని రోజుల్లో లాంతరు ఒత్తి తగ్గించేది, కరెంటు వచ్చాక స్విచ్చులు ఆపుతోంది. దేవుడితో మాట్లాడే ఆ కాసేపు ఇంట్లో ఇంకేదీ మాట్లాడకూడదు, గుర్రుమనకూడదు, మిణుకుమనకూడదు. మా సవాయి దీవిలో ఏ ఊరు చూసినా, మా ఊళ్లో ఏ ఇల్లు చూసినా సాయంత్రం ప్రార్థన వేళకి ఇంతే, ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నిన్న సాయంత్రమూ శంఖం వినగానే అలాగే అన్నీ ఆపింది. నిన్న సాయంత్రం ఆ వేళకి నా కంప్యూటరు అప్‌డేట్ మధ్యలో ఉంది. నేను స్నానానికి వెళ్లాను. తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఇల్లంతా చీకటి, అత్తయ్య కీర్తన మొదలుపెట్టేసింది, నేను గబగబా వచ్చి కూర్చున్నాను, అంతే, అప్పుడు కూడా ఏమీ తట్టలేదు నా మొద్దు బుర్రకి.

రేడియో ఆగింది. ఇప్పుడు నేను "అత్తయ్యా, అదొక్కటి ఆపకండి" అంటే చాలు. ఎందుకే అంటుంది. మధ్యలో ఆపితే పాడవుతుంది అంటాను. మరి నిన్న, అంటుంది. ఆ "మరి నిన్న" దగ్గరికి నేను వెళ్లలేను. డెబ్భై నాలుగేళ్ల మనిషికి, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి, మీ చేత్తో మీరే తొమ్మిది మంది పిల్లల చదువు మీద మన్ను పోశారని ఎలా చెప్పడం. ఫ్యాను ఆగింది. వంటింట్లో లైటు టక్కుమంది. అప్పుడు తట్టింది, ఇన్నేళ్ల పంతులమ్మ ఉద్యోగంలో ఇంత చురుగ్గా ఎప్పుడూ ఏదీ తట్టలేదు: నా చాప లాక్కెళ్లి సరిగ్గా ఆ స్విచ్చు కింద గోడకి ఆనుకుని కూర్చున్నాను. కూర్చున్న మనిషి నెత్తి మీదుగా చెయ్యి చాపడం మాలో లేదు. ఆరేళ్లప్పుడు తాతయ్య తల మీదుగా మామిడిపండు అందుకోబోతే ఈ అత్తయ్యే వీపు మీద ఒక్కటిచ్చింది.

"అక్కడ కూచున్నావేమే ఫువా? నీ చోటు ఇక్కడ కదా."

"నడుం నొప్పిగా ఉందత్తయ్యా. గోడకి ఆనుకుంటా."

"ముప్ఫై తొమ్మిదేళ్లకే నడుమా. నీ వయసులో నేను చేమదుంపల మూట నెత్తినెత్తుకుని గుట్ట దిగేదాన్ని, మొగుణ్ణి తిట్టుకుంటూ."

స్విచ్చు వైపు చూసింది, నా వైపు చూసింది. నాకెదురుగా తన మొగలాకుల చాప మీద కాళ్లు మడుచుకుని కూర్చుంది. రెండో శంఖం ఊదారు. బయట వాలీబాల్ చప్పుడు టక్కున ఆగిపోయింది, రోడ్డు మీద కాపలా మగవాళ్లు వరసగా నిలబడి ఉంటారు, ఇక మూడో శంఖం దాకా ఊళ్లో ఎవరూ లేవరు, నడవరు, అటూ ఇటూ తిరగరు, నేనూ కదలను. కదలకూడదన్నది బాగానే ఉంది గాని, స్విచ్చు కింద కూర్చోవడంలో ఒక సంగతి మర్చిపోయాను. బల్ల నా నెత్తికి పక్కగా, గోడ వారనే ఉంది. తెర నాకు కనిపించదు. అత్తయ్యకి కనిపిస్తుంది.

కీర్తన మొదలైంది. అత్తయ్య పై స్థాయి, నేను కింది స్థాయి, పక్కింటి వాళ్ల గొంతులు మాకంటే అర చరణం వెనక. పాడుతూ పాడుతూ అత్తయ్య కళ్లద్దాల్లో చూశాను, ఒక్కో అద్దంలో ఒక్కో చిన్న నల్ల పలక, అందులో తెల్లగా ఏదో పాకుతోంది. బతికే ఉంది. డిస్కు మొత్తం తడిమి చూసుకుంటోంది, ఎక్కడ పుండు పడిందో, ఎక్కడ అతుకు విడిందో. అది ముగిస్తే, లేవగానే చదువుకునే ఆ చిన్న ఫైలుని మళ్లీ తయారుచేస్తుంది, అదీ సరిగ్గా వస్తే తనంతట తను ఆగి మళ్లీ మొదలవుతుంది. అన్నీ ఒకే వరసలో గొలుసుగా రాసి పెట్టాను, ముందుది నెగ్గితేనే తర్వాతది కదులుతుంది, నెగ్గకపోతే ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. ఆ చిన్న ఫైలు ఉన్నదే ఒక్క పనికి, మిగతా ఇల్లు ఎక్కడుందో యంత్రానికి చెప్పడానికి. నిన్న అది సగం రాసి ఉండగా కరెంటు పోయింది. పొద్దున బటను నొక్కితే తెల్ల అక్షరాలు బారులు తీరి వచ్చి, మూలం దొరకడం లేదని చెప్పి, పానిక్ అని రాసి బిగుసుకుపోయింది. తనకి కంగారుగా ఉందని యంత్రమే రాసింది. నీకే అంత కంగారైతే నాకెంత ఉండాలే అన్నాను, పళ్లు తోముకునే బ్రష్షు నోట్లోనే ఉంది.

బాగున్నదాన్ని కదిపానెందుకు? రెండేళ్లుగా రోజూ పొద్దున్నే నాలుగు వందల చిల్లర అప్‌డేట్లు బాకీ ఉన్నాయని చూపిస్తూనే ఉంది, చూసీ చూడనట్టు ఊరుకుంటూనే ఉన్నాను, నిన్నే నాకు శుభ్రత ముంచుకొచ్చింది. బళ్లో కంప్యూటరు గది పైకప్పు కారుతోందని యంత్రాన్ని పోయిన నెలే ఇంటికి తెచ్చుకున్నాను, ఎలాగూ తెచ్చాను కదా, పరీక్షల ఆఫీసు మనిషి వచ్చేలోగా అంతా కొత్తగా నిగనిగలాడాలని. చోటు చాలదంది. చోటు చెయ్యడానికి, యంత్రాన్ని నిద్ర లేపే పాత కెర్నెళ్లన్నీ తుడిచేశాను. కొత్త తాళంచెవి ఇంకా చేతికి రాకుండానే పాతవి సముద్రంలో విసిరేశాను. ఆ పాతదొక్కటి ఉంటే చాలు, పొద్దున దాంతో లేపేదాన్ని, ఈపాటికి టీ తాగుతూ ఉండేదాన్ని. రాజధాని ఏపియాలో ఉండే సెమీసీ, ఉపాధ్యాయుల శిక్షణలో నాకు లినక్స్ అంటగట్టిన మహానుభావుడు, పొద్దున ఫోనులో ఇదంతా విని ముందు అడిగింది ఒక్కటే.

"నకలు తీసి పెట్టుకోలేదా టీచరమ్మా?"

"పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను."

"మరింకేం."

"పోయిన వారం చర్చి పాటల వాళ్లకిచ్చాను. తుడిచేసుకోండి, నా దగ్గర అసలుంది అన్నాను."

"భలే దానకర్ణురాలివి. సరే, మధ్యలో కరెంటు పోయిందా, ఎవరైనా పీకారా?"

"పోయింది."

"నిన్న సాయంత్రమా? పోలేదే. మా అమ్మమ్మది మీ పక్క ఊరే, టీవీలో రగ్బీ చూస్తూ నాతో ఫోనులో అరగంట తగువాడింది."

"మా ఊళ్లో పోయింది," అన్నాను. రెండు చేతులకీ పనుండి ఫోను బల్ల మీద పెట్టి స్పీకరులో మాట్లాడుతున్నాను. అత్తయ్య గుమ్మం దగ్గర కూర్చుని కొబ్బరి కోరుతోంది. కోరాము చప్పుడు అప్పుడు ఆగిందో లేదో నాకు గుర్తు లేదు, ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. పాస్టరు గారి లాప్‌టాప్, పెన్‌డ్రైవ్ అరువు తెచ్చి, సెమీసీ చెప్పినట్టు ఆ పెన్‌డ్రైవ్ మీంచి యంత్రాన్ని లేపి, తెరుచుకోని డిస్కుకి ఈ మరమ్మతు మొదలుపెట్టేసరికి సాయంత్రమైంది.

కీర్తన అయిపోయింది. అత్తయ్య బైబిలు తెరిచింది, తెరవడం అలవాటు కోసమే, ఆ అద్దాలతో దగ్గరివి చదవలేదు, ఆవిడకి అదంతా నోటికి వచ్చు. దూరానివైతే అక్కడ గుమ్మం అవతల తిరిగే పంది ఎవరిదో కూడా చెప్పేస్తుంది. చదువుతున్నంతసేపూ తల వంచుకునే ఉంది, అద్దాల్లో పలకలు మాయమయ్యాయి, ఇప్పుడు నాకు ఏమీ తెలియదు. చీలమండ మీద దోమ కూర్చుంది, కుట్టుకోనీ. మధ్యాహ్నం సౌనోవా వచ్చి ఇదే గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. ఊళ్లో ఏదీ దాగదు కదా, పంతులమ్మ ఇంట్లో కంప్యూటరు చచ్చిందన్న మాట పన్నెండింటికల్లా చర్చి అవతలికి చేరిపోయింది. "టీచర్, నాది ఉందా?" అంది. అందరివీ ఉన్నాయా అనలేదు, మార్కులు ఎప్పుడు అనలేదు, నాది ఉందా అంది. "ఉంది," అన్నాను. ఆలోచించకుండా అన్నాను, నా నోరు నా మాట వినలేదు. సరే అని తలూపి వెళ్లిపోయింది, వెళ్తూ చెప్పు తెగితే చేతిలో పట్టుకుని వెళ్లింది.

సౌనోవా పోయిన ఏడు తప్పింది. వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉంటే రెండు నెలలు బడికి రాలేదు, రాయవలసింది రాయలేదు. ఈ ఏడు మళ్లీ కూర్చుంది, చిన్నపిల్లల పక్కన పొడుగ్గా, సిగ్గుపడుతూ. వాళ్ల తాత పడవలు చెక్కే పద్ధతి మీద రాసింది, ముప్ఫై పేజీలు, నాలుగుసార్లు తిరగరాయించాను. మూడోసారి ఏడ్చింది, నాలుగోసారి నన్ను తిట్టుకుంటూ రాసింది, అదే బాగా వచ్చింది. రేపు పొద్దుటి పడవకి పరీక్షల ఆఫీసు మనిషి వస్తాడు, పదకొండింటికి మార్కులు వెయ్యడానికి పిల్లల రాతలన్నీ తీసుకుని పక్క బడికి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు, ఎవరు ఏడ్చినా రాడు. మిగతా ఎనిమిది మంది ఎలాగో వచ్చే ఏడు రాసుకుంటారేమో. సౌనోవాకి వచ్చే ఏడు లేదు, ఈసారి పోతే సముద్రం అవతల వాళ్ల పిన్ని దగ్గరికి పాగో పాగో పంపేస్తామన్నారు, చేపల ఫ్యాక్టరీకి. అక్కడ పని ఎప్పుడూ ఉంటుంది.

ఉంటుంది, నాకు తెలుసు. నేను తప్పిన ఏడు నన్ను పంపిందీ అక్కడికే. తెల్ల బూట్లు, తెల్ల టోపీ, బల్లకి అటు ఇరవై మంది ఇటు ఇరవై మంది, ఉడికిన చేప తోలు గీకి, నల్ల మాంసం ఒక పక్కకి తెల్ల మాంసం ఒక పక్కకి, మాట్లాడితే చెయ్యి ఆగుతుందని మాటలుండవు. మూడేళ్లు. సబ్బుతో కడిగినా నిమ్మకాయతో రుద్దినా వేళ్లకి ఆ వాసన పోయేది కాదు, పడుకుంటే దిండుకి ఉండేది. అక్కడ పని చెడ్డదని కాదు, ఆ పనితో ఇళ్లు కట్టుకున్నవాళ్లున్నారు, నవ్వుతూ చేసేవాళ్లున్నారు. నేను నవ్వలేకపోయాను. ఒక రోజు షిఫ్టు దిగి బయటికొస్తే గేటు దగ్గర అత్తయ్య కూర్చుని ఉంది. రాత్రంతా పడవలో వచ్చింది, కింద మూట, మూటలో ఉడికిన చేమదుంపలు, నెత్తిన గొడుగు. ఎలా ఉన్నావని అడగలేదు. "చాలు, పద. బళ్లో మాట్లాడాను, మళ్లీ చేర్చుకుంటారు," అంది. ఇంకేమీ అనలేదు, ఈ రోజుకీ ఆ మాట ఎత్తలేదు. అందుకే కరెంటు పోయింది అన్నాను సెమీసీతో. వందసార్లైనా అంటాను.

చదవడం అయింది. అత్తయ్య తలెత్తింది, పలకలు మళ్లీ కనపడ్డాయి, తెలుపు పాకడం లేదు. ఒక చోట నిలబడి ఉంది. నిలబడిందంటే ఏమిటి, తడమడం అయిపోయి ఫైలు రాస్తోందా, లేక గొలుసు తెగి అక్కడే ఆగిపోయిందా. ఆ చిన్న ఫైలు రాసేటప్పుడు అది ఏమీ చెప్పదు, చాలాసేపు మూగగా ఉంటుంది, ఆ సంగతి నాకు తెలుసు, కానీ తెలిసినదంతా తెర నా ఎదురుగా ఉన్నప్పటి తెలివి. తల తిప్పితే కనపడుతుంది, ఒక్క జానెడు. ప్రార్థనలో తల తిప్పిన పంతులమ్మని రేపు పిల్లలు ఏం గౌరవిస్తారు. అత్తయ్య కళ్లు మూసుకుని మొదలుపెట్టింది, ఎప్పటిలాగే మా ఆక్లండ్ చుట్టాలతో. ఆక్లండ్‌లో పదకొండు మంది, పేరుపేరునా చెప్పి, చలికాలం దగ్గుల దాకా చెప్పి, తర్వాత పాస్టరు గారి మోకాలు, తర్వాత రోడ్డవతల ముసలాయన మూత్రం సంగతి, తర్వాత వాన. ఇక ఆమెన్ అనాలి. అనలేదు.

"ప్రభువా, ఇంకొకటి. ఈ గోడ దగ్గర కూచున్న పిల్ల సంగతి. దీనికి నడుం నొప్పి లేదు, నీకు తెలుసు. నిన్న మా ఊళ్లో కరెంటు పోలేదు, అదీ నీకు తెలుసు. పోగొట్టింది నేను, ఈ చేత్తో. నీ కోసమే ఆపాననుకున్నాను. పొద్దున ఫోనులో ఆ ఏపియా కుర్రాడు అడిగితే ఇది అబద్ధమాడింది, నన్ను దాచడానికి. నేను కొబ్బరి కోరుతూ విన్నాను, విని కూడా ఊరుకున్నాను, నోరు రాలేదు. ముందు దాన్ని క్షమించు. నన్ను తర్వాత చూడు, తొందర లేదు. ఆ పెట్టెలో పిల్లల రాతలున్నాయట. అందులో పడవ చెక్కే తాత మనవరాలిది కూడా ఉందట. నాకు దాని మందు తెలీదు, దీనికి కొంచెం తెలిసినట్టుంది. దీని చెయ్యి పట్టుకో."

నాకు ఏడుపొచ్చింది. ప్రార్థనలో ఏడవడానికి ఎవరూ ఏమీ అనరు, అదొక్కటీ సుఖం. ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా కూర్చున్నాను. పొద్దున్నుంచీ ఆవిడ దగ్గర దాస్తున్నానని నేను, నా దగ్గర దాస్తున్నానని ఆవిడ, ఒకే ఇంట్లో ఒకే కొబ్బరిపాల కూర తింటూ. ప్రభువా, నాదింకో అబద్ధం ఉంది, అది అత్తయ్యకి తెలీదు, సౌనోవాతో ఉంది అన్నాను, ఆ మాటని నిజం చెయ్యి, అన్నాను లోపల్లోపల. అని కళ్లు తెరిచేసరికి అత్తయ్య అద్దాలు నల్లగా ఉన్నాయి. పలకల్లేవు. వెలుగే లేదు.

ఆరిపోయింది. అంటే గొలుసు చివరిదాకా నెగ్గి తనంతట తను ఆగి మళ్లీ మొదలవుతోంది. లేకపోతే నిజంగానే కరెంటు పోయింది, నా నోటి చలవ వల్ల, అన్న మాట ఒక రోజు ఆలస్యంగా నిజమై. ఏది? ఇంట్లో లైట్లు ఎలాగూ ఆపేసి ఉన్నాయి, ఫ్యాను ఆపేసి ఉంది, ఊరంతా ఆపేసుకుని కూర్చుంది, కరెంటు ఉందో లేదో చెప్పే దిక్కు ఒక్కటి లేదు. యంత్రం గుర్రు వినిపిస్తోందా అని చెవులు రిక్కించాను, అవతల పగడపు దిబ్బ మీద సముద్రం తప్ప ఏమీ వినపడలేదు. మొదలవుతుంటే ముందు కాసేపు నలుపు, తర్వాత పేరు, తర్వాత అక్షరాల బారులు, ఈ ముసలి డిస్కుకి రెండు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాలు అయిందా? లెక్కపెడదామని మొదలుపెట్టి నలభై దగ్గర తప్పాను, మళ్లీ మొదలుపెట్టాను. నిన్న నేను ముందే చెప్పి ఉంటే, అత్తయ్యా ఇదొకటి నడుస్తోంది అని ఒక్క మాట. చెప్పలేదు. ఎవరి మీద తోస్తాను, స్నానానికి వెళ్లింది నేను, పాతవి తుడిచింది నేను, నకలు పంచిపెట్టింది నేను. మందు నాకు కొంచెమే తెలుసు, ఆవిడన్నది నిజం. కొంచెం తెలిసినా రోజంతా వదలకుండా కూర్చున్నాను, అదీ నిజమే. అరవై మూడు, అరవై నాలుగు. ఎడమ అద్దంలో ఏదో కదిలింది. దీపంపురుగేమో అనుకున్నాను. కుడి అద్దంలోనూ కదిలింది.

అత్తయ్య కళ్లు తెరిచి ఉన్నాయి. నా నెత్తి పక్కగా చూస్తోంది, నుదురు చిట్లించి. శంఖం ఇంకా ఊదలేదు కాబట్టి నాతో మాట్లాడకూడదు, దేవుడితో ఎంతసేపైనా మాట్లాడొచ్చు.

"ప్రభువా, తెర మీద అక్షరాలు పరిగెత్తుతున్నాయి. బోలెడు. ఆకుపచ్చగా కూడా ఉన్నాయి కొన్ని. ఆగాయి. మొత్తం పోయాయి. ఆ, మళ్లీ వచ్చింది. రోజూ పొద్దున ఈ పిల్ల తన పేరు కొట్టే చోటు వచ్చింది ప్రభువా. పక్కన చిన్న గీత కొట్టుకుంటోంది. ఆ శంఖం ఊదేవాణ్ణి కొంచెం తొందరపెట్టు, ఇది చచ్చేలా ఉంది. ఆమెన్."

నాకు నవ్వు పొంగుకొచ్చింది, ఏడుపు ఇంకా బుగ్గల మీదే ఉంది. అత్తయ్య భుజాలు కూడా ఊగుతున్నాయి, పెదవులు బిగించి చూపు చాప మీదకి దించుకుంది. మూడో శంఖం ఊదారు. లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి కూలబడ్డాను, మోకాళ్ల మీద పాకి బల్ల అందుకున్నాను. పేరు కొట్టాను, పాస్‌వర్డ్ తప్పు కొట్టాను, మళ్లీ కొట్టాను. పిల్లల ఫోల్డర్లు వరసగా ఉన్నాయి. సౌనోవాది తెరిచాను. తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. మొదటి పేజీలో తాత పడవ పక్కన నిలబడి ఉన్న ఫొటో, చివరి పేజీలో, ముప్ఫైయో పేజీలో, చివరి వాక్యం చివరి చుక్కతో సహా ఉంది. అత్తయ్య నా వెనక నిలబడి, "రేపటి నుంచి నీ పెట్టె నేను ముట్టుకోను, నడుస్తుంటే నడవనీ, దాని మీద గుడ్డ కప్పుతా," అంది. సరేనన్నాను, ఆవిడ చెయ్యి నా నెత్తి మీద పెట్టింది.

ముందు నకలు తీశాను, ఒకటి కాదు, పాస్టరు గారి లాప్‌టాప్ కూడా ఇంకా ఇంట్లోనే ఉంది కాబట్టి రెండు. అప్పుడు బయటికి పరిగెత్తాను. రోడ్డు మీద మళ్లీ మనుషులు తిరుగుతున్నారు, మసక వెలుతురులో మైదానం దగ్గర వాలీబాల్ వాళ్లు వల విప్పుతున్నారు. సౌనోవా వల కొస పట్టుకుని చుడుతోంది, తోటివాళ్లతో ఏదో చెప్పి విరగబడి నవ్వుతోంది, మోచేతుల నిండా మట్టి.

"సౌనోవా, ఉంది," అన్నాను, ఆయాసపడుతూ. "నీది ఉంది."

తిరిగి చూసింది. నా చెరిగిన జుట్టు, కారిన ముక్కు, చెప్పుల్లేని కాళ్లు అన్నీ చూసి, ఈ టీచరుకి ఏమైందన్నట్టు కాసేపు చూసి,

"మధ్యాహ్నమే చెప్పారుగా టీచర్," అంది.